మిగతా పదహారు గంటలు

"ఇన్సులిన్ ఇంజక్షన్ ఎవరిచ్చారమ్మా?" అని అడిగాడు క్యాజువాలిటీ డాక్టరు.

"నేనేనండి," అంది పైడితల్లి.

"ఎన్నిసార్లు ఇచ్చారు?"

పైడి మాట్లాడలేదు. దాచాలని కాదు. ప్రశ్న చెవిలో పడింది గాని లోపలికి వెళ్లలేదు. పక్కన స్ట్రెచరు మీద తల్లి నూకాలమ్మ నోరు తెరుచుకుని పడి ఉంది. రక్తంలో చక్కెర ఇరవై ఎనిమిదికి దిగిపోయిందని నర్సు చెబుతోంది. అప్పటికి సాయంత్రం ఏడూ నలభై.

"మూడుసార్లు," అంది పైడి కూతురు మౌనిక. తొమ్మిదేళ్ల పిల్ల, స్కూలు యూనిఫారం కూడా మార్చుకోలేదు. "అయిదింటికి ఒకసారి ఇచ్చింది. మళ్లీ సిరంజి తీసి ఇంకోసారి. తర్వాత ఇంకోసారి. మూడోసారి నేను చెప్పేను దొడ్డమ్మా, ఇచ్చీసేవమ్మా అని. వినలేదు. అన్నం కూడా పెట్టలేదు. నేను ట్యూషన్ నించి వచ్చి లేపితే అమ్మమ్మ లేవలేదు."

దొడ్డమ్మ అంటే కనకమహాలక్ష్మి, పైడికి తోడబుట్టిన అక్క. వాళ్ల వైపు అక్కని అప్ప అంటారు. కనకం, పైడి. ఇద్దరి పేర్లలోనూ బంగారమే పెట్టుకుంది నూకాలమ్మ.

"సెల్లు చూసుకుంటూ పొడిచేసి ఉంటావు," అంది నర్సు పైడితో. "కన్నతల్లికి ఇంజక్షన్ ఇచ్చేటప్పుడైనా ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దా?"

పైడి తలూపింది. ఆ తలూపడంలో బాధ లేదు, భయం లేదు. కనకం చెల్లెలి వెనక్కి వచ్చి జడ పక్కకి తీసి చూసింది. మెడ మీద, వెంట్రుకల మొదట్లో, బూట్ల తాడంత సన్నటి పట్టీ. ఐదు నెలల కిందట దాన్ని అతికించింది కనకమే.

కనకం విశాఖలో ఒక పరిశోధన సంస్థలో ల్యాబు టెక్నీషియను. డాక్టర్ శశిభూషణ్ దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తోంది. రక్తం తీయడం, నమూనాలు భద్రపరచడం, పట్టీలు అతికించడం, ఫారాలు నింపడం, అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి.

శశిభూషణ్ గారికి చాలా ఏళ్లుగా ఒకటే పట్టు. "రోజుకి ఇరవై నాలుగు గంటలంటాం గాని, అందులో మనసు పూర్తిగా చురుగ్గా ఉండే సమయం ఎంతమ్మా?" అనేవాడాయన. "అదీ ఒక్కచోట ఉండదు. స్నానం చేస్తుంటే పావుగంట, బస్సులో పది నిమిషాలు. అవసరమైనప్పుడు మాత్రం మొద్దుబారి ఉంటాం. రోజుని ప్లాను చేసుకోమని పుస్తకాలన్నీ చెప్తాయి. ప్లాను చేసుకున్న వేళకి మెదడు రావద్దూ?"

ఆ చురుకుని పుట్టించే రసాయనం మెదడు అడుగున కొన్ని కణాల్లో ఊరుతుందని, రోజంతా బొట్లు బొట్లుగా విడుదలవుతుందని ఆయన కనిపెట్టాడు. మెడ మీద నించి సన్నటి విద్యుత్ తరంగాలు పంపితే ఆ కణాలు ఆగమన్నప్పుడు ఆగుతాయి, వదలమన్నప్పుడు వదులుతాయి. పట్టీకి సువేళ అని పేరు పెట్టాడు.

మొదట వాడినవాళ్లు తమ వేళని తామే ఎంచుకున్నారు. లెక్కల మాస్టారొకాయన పొద్దున్న ఆరు నించి తొమ్మిది పెట్టుకున్నాడు. వీణ నేర్చుకునే గృహిణి మధ్యాహ్నం రెండు గంటలు పెట్టుకుంది. ముప్ఫై ఏళ్లుగా రాని రాగం ఇప్పుడు పలుకుతోందని ఆవిడ ల్యాబుకి మిఠాయి పట్టుకొచ్చింది. ఆ రోజు కనకానికి తన ఉద్యోగం మీద ఎంత గర్వం కలిగిందో.

తర్వాత నీలాంబరి సీసాల ఫ్యాక్టరీ వచ్చింది. మందులు నింపే చిన్న గాజు సీసాలు బెల్టు మీద వరసగా వెళుతుంటాయి. ఎదురుగా తెల్లటి లైటు. ఆడవాళ్లు ఎనిమిది గంటలు కూర్చుని వెంట్రుకవాసి పగులు ఉన్నదాన్ని, నలక పడ్డదాన్ని ఏరి పక్కన పెట్టాలి. మొత్తం రెండువందల పన్నెండు మంది. వాళ్లలో పైడి ఒకతి. భర్త పారాదీపులో ఓడ మీద పని, మూడు నెలలకొకసారి వస్తాడు. ఇంట్లో తల్లి, కూతురు, తను.

ఫారంలో 'మీరు ఎంచుకున్న వేళ' అని ఒక గడి ఉంది. కనకం ఫారాలు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళితే అక్కడి మేనేజరు, "ఒక్కొక్కళ్లనీ ఏం అడుగుతారు మేడం, ఎనిమిది నించి నాలుగు అని రాసెయ్యండి," అన్నాడు. కనకం రాసేసింది. తన గుండ్రటి చేతిరాతతో రెండువందల పన్నెండుసార్లు రాసింది. కింద వాళ్లు సంతకాలు పెట్టారు. గేటు దాటి లోపలికి వస్తేనే పట్టీ చురుకుని వదులుతుంది, బయటికి వెళితే మూసేస్తుంది. సెలవు రోజుల్లో అసలు తెరుచుకోదు.

పైడి మొదట వద్దంది. "మెడ మీద అదేటప్పా, పశువుకి పలుపు కట్టినట్టు?"

"కట్టుకోవే. నీకు రోజూ తలనొప్పి కదా. కళ్లు లాగవు. నేను చెప్తన్నాను కదా," అంది కనకం.

తలనొప్పి నిజంగానే పోయింది. రెండో నెలకల్లా పగుళ్ల సీసా ఒక్కటి కూడా బయటికి పోలేదని ఫ్యాక్టరీవాళ్లు గోడ మీద బోర్డు పెట్టి, పైడి ఫోటో అంటించారు. శశిభూషణ్ పేరు పేపర్లలో వచ్చింది. ఇంకో పదకొండు ఫ్యాక్టరీలు తమకీ కావాలన్నాయి.

మూడో నెలలో ఒక ఆదివారం కనకం చెల్లెలింటికి వెళ్లింది. పైడి పప్పు గిన్నె మూత చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. పప్పు మాడిన వాసన వీధి దాకా వస్తోంది. "ఒంట్లో బాగోలేదేటే?" అంటే, "బాగానే ఉంది," అంది. మౌనిక అక్కడే కూర్చుని బొమ్మ గీసుకుంటోంది.

"అమ్మతో మాట్లాడాలంటే మధ్యాహ్నం ఫోను చెయ్యాలి దొడ్డమ్మా," అంది ఆ పిల్ల తల ఎత్తకుండా. "స్కూల్లో ఆయమ్మ ఫోనిస్తుంది. ఫ్యాక్టరీలో అన్నం తినేటప్పుడైతే అమ్మ బాగుంటుంది. అన్నీ అడుగుతుంది. నవ్వుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు ఏటీ చెప్పను. చెప్పినా ఉండదు."

కనకం ఆ మాట విని, పిల్లలు అలాగే అంటారులే అనుకుంది. అలసట అనుకుంది. షిఫ్టు చేసి ఇంటికొచ్చే ఏ ఆడది అలిసిపోకుండా ఉంటుంది అనుకుంది. ఆ తర్వాత రోజుల్లో ఆ అనుకోవడాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఆమె తన్ను తాను తిట్టుకోని పూట లేదు.

నూకాలమ్మ కళ్లు తెరవలేదు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషి, నాలుగో రోజు పొద్దున్న పోయింది.

పైడి ఏడవలేదు. శవం పక్కన కూర్చుని ఈగలు తోలింది. ఎవరైనా మంచినీళ్లడిగితే లేచి ఇచ్చింది. చుట్టాల్లో ఒకావిడ, "చేతులారా చేసింది కదా, ఏడుపెక్కడ వస్తాది. రాయి," అని వినబడేలాగే అంది. పైడి ఆవిడకి కూడా మంచినీళ్లిచ్చింది. అది చూసి కనకం పెరట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని, గోడని అరచేత్తో బాదింది. తల్లి పోయినందుకు ఏడుపు రావాల్సింది. వచ్చింది కోపం.

మర్నాడే ల్యాబుకి వెళ్లింది. సువేళ ఇరవై నాలుగు గంటలూ మెదడు తీరుని రాసుకుంటుందని ఆమెకు తెలుసు. నివేదికలన్నీ షిఫ్టు గంటలవే. మిగతా గంటలవి ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించలేదు. కంప్యూటరులో వెతికితే 'పరిధి బయట' అన్న పేరుతో ఒక ఫైలుంది. తెరిచింది. రెండువందల పన్నెండు గీతలు. పొద్దున్న ఎనిమిదికి గీత కొండలా లేస్తుంది. నాలుగింటికి నిట్టనిలువునా పడిపోతుంది. అక్కణ్ణించి మర్నాడు ఎనిమిది దాకా నేలబారున పాకుతుంది. మామూలు మనిషి జ్వరంలో కూడా అంత కిందికి దిగడు. మొదటి రెండు నెలలకే గీతలున్నాయి. ఆ తర్వాత షిఫ్టు బయట రాసుకోవడం ఆపెయ్యమని ఎవరో ఆదేశమిచ్చారు. ఆదేశం కింద శశిభూషణ్ సంతకం.

కాగితాలు ప్రింటు తీసుకుని ఆయన గదిలోకి వెళ్లింది.

"కూర్చోమ్మా. మీ అమ్మగారి సంగతి విన్నాను. చాలా బాధపడ్డాను," అన్నాడాయన. అబద్ధం కాదు, ఆయన ముఖంలో బాధ ఉంది. అదే కనకాన్ని ఇంకా మండించింది.

"ఇవి మీకు ముందే తెలుసా సార్?"

ఆయన కాగితాలు చూసి పక్కన పెట్టాడు. "మనం చురుకుని పుట్టించడం లేదు కనకం. జరుపుతున్నాం, అంతే. ఒకచోట పోస్తే ఇంకోచోట తగ్గుతుంది. ఎలుకల్లోనే చూశాం."

"ఎలుకల్లోనే చూశారా? మరి వాళ్లకెందుకు చెప్పలేదు?"

"ఫారంలో ఉంది. 'స్వల్ప అలసట కలగవచ్చు' అని."

"మా అమ్మ పోయింది సార్. అది స్వల్పమా?"

"చూడు, ఫ్యాక్టరీ నించి ఏ మనిషైనా అలిసిపోయే ఇంటికొస్తాడు. వాళ్లు ఇంటి దగ్గర ఏం చేస్తారన్నది మన అధ్యయనంలోకి రాదు. ఒక్క పగిలిన సీసా ఆసుపత్రికి చేరితే ఎంతమంది ప్రాణాలు పోతాయో ఆలోచించావా? ఆ లెక్కన మనం ఎంతమందిని కాపాడాం?"

"ఇంటి దగ్గర వాళ్లు స్టవ్వు వెలిగిస్తారు. పిల్లల్ని రోడ్డు దాటిస్తారు. ముసలివాళ్లకి మందులిస్తారు. సీసాలో నలక చూడ్డానికి కావాల్సిన బుర్ర, తల్లికి సూది వెయ్యడానికి అక్కర్లేదా సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కనకం ఇంకొక్కటి అడిగింది. "ఇన్నేళ్లలో మీరెందుకు కట్టుకోలేదు?"

"నేనా? నాకు సాయంత్రాలు కావాలి కదమ్మా," అన్నాడాయన, ఏమీ ఆలోచించకుండానే. "నేను రాసుకునేది సాయంత్రాలే."

అన్నాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. కనకం కాగితాలు తీసుకుని లేచింది. చెల్లెలి పట్టీ ఇప్పుడే విప్పేస్తానంది. ఒక్కసారిగా విప్పితే మూర్ఛలు రావచ్చని, మూడు వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గించాలని, దానికి ఫ్యాక్టరీ అనుమతి కావాలని ఆయన అన్నాడు. మూర్ఛల మాట నిజమేనని కనకానికీ తెలుసు. ఫ్యాక్టరీవాళ్లు అనుమతి ఇవ్వలేదు.

పన్నెండో రోజున పైడి పనికి వెళ్లింది. వెళ్లొద్దని కనకం ఎంత చెప్పినా, "సెలవు అయిపోయింది కదా," అంది. అంతకు మించి ఆలోచించే శక్తి ఆమెకు లేదు.

ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకి కనకానికి ఫోను వచ్చింది.

"అప్పా," అంది పైడి. ఐదు నెలలుగా కనకం వినని గొంతు అది. అసలైన పైడి గొంతు. "అప్పా, అమ్మని నేనే చంపీసేను."

"ఒలే, కాదే—"

"నన్ను చెప్పనియ్యి. పొద్దున్న గేటు దాటి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. తొమ్మిదయ్యేసరికి అన్నీ ఒక్కసారి తెలిసిపోయేయి. అమ్మ లేదని అప్పుడు తెలిసింది నాకు. పన్నెండు రోజులూ తెలీదు. బెల్టు ముందే ఏడ్చేను. సీసాలు నాలుగు వదిలీసేనని సూపర్‌వైజరు మెమో ఇచ్చేడు."

కనకం ఫోను చెవికి అదిమి పట్టుకుంది.

"అన్నం టైము ఇంకా పది నిమిషాలే ఉంది," అంది పైడి. "నాలుగు దాటితే ఇదంతా పోద్ది. మళ్లీ మొద్దునైపోతాను. అందుకే ఇప్పుడే చెప్తన్నాను, బాగా విను. ఇదంతా ఆ పట్టీ వల్లే. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఎవరికి చూపించాలో వాళ్ల దగ్గరికి నన్ను తీసుకెళ్లు. సాయంత్రం పూటే తీసుకెళ్లు. సాయంత్రం నేను ఎలాగుంటానో వాళ్లు చూడాల. అప్పుడడిగితే నేను ఊఁ అనను, ఉఁహూఁ అనను. అందుకే ఇప్పుడు ఒప్పుకుంటన్నాను."

పదకొండు ఫ్యాక్టరీలకి అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే సంఘం ఆ శుక్రవారమే కూర్చుంది. మనుషుల మీద చేసే ప్రయోగాల మంచిచెడ్డలు చూసే సంఘం. ఐదుగురు సభ్యులు, అధ్యక్షత వహించింది రిటైరైన జడ్జి శకుంతలాదేవి. సమావేశం సాయంత్రం అయిదింటికి. శశిభూషణ్ తెర మీద గీతలు చూపిస్తున్నాడు, అన్నీ ఎనిమిది నించి నాలుగు దాకావే. కనకం చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఎవరమ్మా మీరు?"

"ఈ ప్రయోగంలో టెక్నీషియన్‌ని మేడం. ఈమె నా చెల్లెలు. ఫ్యాక్టరీలో ఉత్తమ ఉద్యోగిని. నాలుగింటి దాకా సీసాలో వెంట్రుక కనిపెట్టిన మనిషి. మీరు పది నిమిషాలు చూడండి చాలు."

శశిభూషణ్ ఏదో అనబోతే జడ్జి చెయ్యి ఎత్తి ఆపింది.

బల్ల మీద కనకం ఒక నిమ్మకాయ, మంచినీళ్లున్న చిన్న సీసా, సిరంజి పెట్టింది. "పైడీ, అమ్మకిచ్చినట్టే దీనికి పద్దెనిమిది యూనిట్లు ఇవ్వు."

పైడి సిరంజి తీసింది. వేళ్లకి అలవాటైన పని. గీత చూసి, గాలి బుడగ కొట్టి, నీళ్లు ఎక్కించింది. ఒక్క చుక్క తేడా లేదు. సిరంజి బల్ల మీద పెట్టింది.

"మీ అమ్మాయి పేరేమిటమ్మా?" అని అడిగింది జడ్జి.

పైడి ఆవిడ వైపు చూసింది. చాలాసేపటికి, "మౌనిక," అంది.

"ఏం చదువుతోంది?"

జవాబు రాలేదు. పైడి చెయ్యి బల్ల మీదకి పోయింది. సిరంజి తీసింది. పద్దెనిమిది. నిమ్మకాయలోకి ఎక్కించింది. పెట్టింది. ఒక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. పైడి మళ్లీ సిరంజి తీసింది. గీత చూసి, గాలి బుడగ కొట్టింది.

"ఇచ్చేశావమ్మా," అంది జడ్జి మెల్లగా.

పైడి ఆవిడ వైపు మర్యాదగా తలూపి, సూదిని నిమ్మకాయలోకి దించింది. నాలుగోసారికి కనకం ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని ఆపేసింది.

"ఇది శాస్త్రం కాదు, నాటకం," అన్నాడు శశిభూషణ్.

కనకం ఆయన వైపు తిరిగింది. "నాటకమైతే ఫరవాలేదు సార్, తెర దించితే అయిపోతుంది. ఈమెకి తెర దించేది ఎవరు? రెండువందల పన్నెండు మంది ఈపాటికి ఇళ్లకి చేరి ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? వాళ్ల రోజులో పనికొచ్చేదంతా మీరు తీసుకున్నారు. పిప్పిని ఇంటికి పంపారు. పైగా ఆ పిప్పితో తల్లినీ బిడ్డనీ చూసుకోమన్నారు. చూసుకోలేకపోతే ఒళ్లు దగ్గర పెట్టుకోలేదని వాళ్లనే తిట్టారు."

అని, తన దగ్గరున్న గీతల కాగితాలు బల్ల మీద పడేసింది. జడ్జి వాటిని ఒక్కొక్కటే తిరగేసింది.

పదకొండు ఫ్యాక్టరీలకీ అనుమతి ఆగిపోయింది. నీలాంబరిలో అందరి పట్టీలూ మూడు వారాల్లో తీయించారు. వాటిలో చాలావరకు కనకమే తీసింది. అదే ఆ ఉద్యోగంలో ఆమె చేసిన ఆఖరి పని. నాలుగిళ్లలో కాలిన గాయాలు బయటపడ్డాయి. ఒకావిడ చంటిపిల్ల బకెట్లో పడితే పక్కింటివాళ్లు చూసి తీశారట. ఎవరికీ శిక్ష పడలేదు. సంఘం తన నివేదికలో 'ఇకమీదట ఇంటి గంటలను కూడా పరిశీలించవలెను' అని రాసింది. శశిభూషణ్ రాజీనామా చేసి వేరే నగరంలో ఇంకో సంస్థలో చేరాడని, అక్కడ విద్యార్థులకి పనికొచ్చే పట్టీ చేస్తున్నాడని కనకం విన్నది. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు. ఇప్పుడు ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తోంది.

పైడి ఫ్యాక్టరీ మానేసింది. పట్టీ తీశాక కూడా సాయంత్రాలు వెంటనే తిరిగి రాలేదు. కనకం రోజూ పని కాగానే అక్కడికి వెళ్లి వండిపెట్టి, పిల్లని చూసుకుని వచ్చేది. పైడి ఏమీ అనేది కాదు. తిన్నావా అంటే తిన్నాననేది. వెళ్తానే అంటే సరే అనేది. ఆ 'సరే' వినలేక కనకం ఎన్నిసార్లు వీధి మలుపులో ఆగిపోయిందో.

అయిదో వారంలో ఒకనాడు ఆరింటికి వెళ్లేసరికి వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. మౌనిక గట్టు మీద కూర్చుని స్కూల్లో ఎవరో కొట్టుకున్న కథ చెబుతోంది. పైడి, "తర్వాతేటయింది?" అని అడుగుతోంది. కనకం గుమ్మంలోనే నిలబడిపోయింది.

పైడి పొయ్యి కట్టేసి వెనక్కి తిరిగింది. అక్కని చూసింది. ఆ చూపు తనదాకా పూర్తిగా వచ్చిందని కనకానికి తెలిసింది.

"ఆ ఫారం నింపింది నువ్వే కదూ?"

"నేనే."

"ఎనిమిది నించి నాలుగు అని రాసేవు. నన్నడిగేవా?"

"లేదు."

"అడిగితే నేనేటి చెప్పుదునో తెలుసా నీకు? సాయంత్రం అని చెప్పుదును. అమ్మకి మందులిచ్చే వేళ, దీనికి పాఠం చెప్పే వేళ. అది ఎంచుకుందును. పలుపులాగుంది వద్దన్నాను కదా. కట్టుకోవే అన్నావు. నేను చెప్తన్నాను కదా అన్నావు." పైడి గొంతు పెరిగింది. "మూడోసారి సూది తీసినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. 'పైడీ, ఇచ్చీసేవు కదే' అంది. విన్నాను అప్పా. విన్నాను గాని నాలోకి రాలేదు. అమ్మ ఇంకేటీ అనలేదు. నేను చదువుకున్నదాన్ని కదా, నాకు తెలుసనుకుని చెయ్యి వదిలీసింది. ఇప్పుడు వినిపిస్తంది నాకు, రోజంతా. దానికి నువ్వేటి చెప్తావు? ఫోనులో ఏడవడానికి ఆ పది నిమిషాలు సరిపోయేయి. నిన్ను తిట్టడానికి సరిపోలేదు."

కనకం నేల మీద కూర్చుంది. తప్పయిపోయిందే అనబోయింది. అంత పెద్దదానికి ఆ మాట చాలదని తెలిసి ఊరుకుంది. పైడి తిట్టింది. డాక్టర్ని, మేనేజర్ని, రాయి అన్న చుట్టాన్ని, తిరిగి తిరిగి అక్కనే తిట్టింది. కేకలకి పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. మౌనిక పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని తల్లినే చూస్తోంది, భయపడుతూ కాదు.

"లే. వెళ్లు ఇక్కణ్ణించి," అంది పైడి చివరికి, ఎగపోసుకుంటూ. "రేపు రాకు. నీ వంట నాకక్కర్లేదు."

కనకం లేచి చెప్పులు తొడుక్కుంది. వీధిలోకి దిగి నాలుగడుగులు వేసింది.

"అప్పా."

వెనక్కి తిరిగితే పైడి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖమంతా తడి, కళ్లు మండుతున్నాయి.

"ఆదివారం రా," అంది. "నిన్ను అనవలసినవి ఇంకా ఉన్నాయి."